థోరా ఆపమన్న చోట

ఆ చలికాలం థోరా మంచం దిగలేదు.

జ్వరం వదిలి నెల దాటింది. దగ్గూ నెమ్మదించింది. అయినా మనిషి లేవలేదు. పొద్దున్నే కళ్ళు తెరిచి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని, వెనక గోడకు చెవి ఆనించి పడుకునేది. ఇనప ఇల్లది. చలికి బిగుసుకున్న రేకు పొద్దెక్కే కొద్దీ సాగి టక్కుమంటుంది. ముందు తూర్పు మూల మొదలవుతుంది. అక్కణ్ణించి గోడ పొడుగునా ఒక్కొక్క రేకే. మధ్యాహ్నానికి పొయ్యి గొట్టం దాటుతుంది. మేకులు కొట్టిన బూట్లేసుకుని ఎవరో గోడ మీద తీరిగ్గా నడిచిపోతున్నట్టు ఉంటుంది.

"వచ్చాడు" అనేది థోరా.

వచ్చేవాడు సూర్యుడు. పొద్దంతా వెనక గోడ మీదే నడిచేవాడు. లోపలికి మాత్రం రాడు. వెనక గోడకు కిటికీ లేదు. పక్క గోడలకూ లేదు. ఉన్న రెండు కిటికీలూ, తలుపూ ముందు గోడకే. ఆ ముందు గోడ దక్షిణానికి, సముద్రానికి ఎదురుగా ఉంది. ఆ వైపు నుంచి ఇంట్లోకి వచ్చేవి గాలి, జల్లు, ఇసక. అంతే.

ఆమె మొగుడు మాగ్నస్ ఫ్లెట్‌కి మామూలుగానే మాటలు తక్కువ. ఆమె "వచ్చాడు" అన్నప్పుడల్లా లేచి వెళ్ళి పొయ్యిలో కట్టె సర్దేవాడు. సర్దాల్సిన పని లేకపోయినా సర్దేవాడు.

థోరా పుట్టింది స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో. అక్కడ చలికాలం పగలు ఒక పూట కూడా ఉండదు. ఆ కాసేపూ సూర్యుడు సముద్రం అంచున కింద కిందనే పోతాడు. ఆ కాసేపటి కోసం జనం చేతిలో పని కింద పెట్టి గోడల పక్కకి వచ్చి నిలబడతారు. ముసలివాళ్ళు టోపీ తీస్తారు. అలాంటి చోటు నుంచి ఏడాదిలో ముప్పాతిక వంతు ఎండ కాసే దేశానికి వచ్చి, తొమ్మిదేళ్ళు ఇంట్లో వెలుగు లేకుండా బతికింది. పక్కింటి తామ్సిన్‌తో ఒకసారి అందట, చెప్పకుండా వచ్చేశాను కదా, అందుకే మొహం చాటేశాడు అని. తామ్సిన్ అది మాగ్నస్‌కి చెప్పి నవ్వింది. మాగ్నస్ నవ్వలేదు.

ఎందుకంటే సూర్యుడు మొహం చాటెయ్యలేదని ఆ సందులో తెలిసినవాడు అతనొక్కడే.

*

తొమ్మిదేళ్ళ కింద బంగారం మాట విని ఊళ్ళకు ఊళ్ళు ఓడలెక్కి మెల్బోర్న్‌లో దిగాయి. ఉండటానికి ఇల్లు లేదు. వడ్రంగులంతా గనులకు పోయారు. గుడ్డ డేరాల్లో జనం తడిసి ముద్దయ్యారు. అప్పుడు ఇళ్ళు కూడా ఓడల్లో రావటం మొదలుపెట్టాయి. అక్కడ స్కాట్లండ్‌లో కంపెనీ వాళ్ళు తమ ఆవరణలోనే ఇల్లంతా ఒకసారి నిలబెట్టి చూసేవారు. అన్నీ కుదిరాయనుకున్నాక ప్రతి రేకు మీదా, ప్రతి కమ్మీ మీదా తెల్లరంగుతో అక్షరం, అంకె వేసి, మళ్ళీ విప్పి, పెట్టెల్లో సర్ది పంపేవారు. మొదటి పెట్టెలో పైనే, మైనపు గుడ్డలో చుట్టి ఒక కాగితం. దేని పక్కన ఏది బిగించాలో అందులో ఉండేది.

మెల్బోర్న్ పక్కన ఎమరాల్డ్ కొండ మీద ఒక సందుకి పదకొండు ఇళ్ళు వచ్చాయి. పెట్టెలు ఇసకలో పడి ఉన్నాయి. చుట్టూ మనుషులు నిలబడి ఉన్నారు. కాగితం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. చదువు బాగా వచ్చినవాళ్ళు ఎప్పుడో గనుల దారి పట్టారు. మాగ్నస్ మూడు చలికాలాలు బడికి పోయినవాడు. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని, ఒక వాక్యం చదివాడు. జనం నోళ్ళు మూసుకుని విన్నారు. అప్పటి దాకా అతని మాట అంతమంది ఎప్పుడూ వినలేదు. ఆ రోజు నుంచి అతను మేస్త్రీ అయిపోయాడు.

కాగితంలో ఒక వాక్యం ఇలా ఉంది: కిటికీలున్న ముఖభాగం దక్షిణానికి ఉండేలా నిలపవలెను.

మాగ్నస్ ఆషామాషీగా పని చేసే రకం కాదు. ఓడ సరంగు దగ్గర దిక్సూచి అడిగి తెచ్చుకున్నాడు. ఇసకలో తాడు లాగి, మేకులు పాతి, వెంట్రుకవాసి తేడా లేకుండా దక్షిణం చూసుకున్నాడు. అప్పుడు తామ్సిన్ మొగుడు జాబెజ్ పెథరిక్, కార్న్‌వాల్ గనుల్లో రాయి కొట్టి వచ్చినవాడు, అక్షరం ముక్క రానివాడు, పక్కన నిలబడి ఒక మాట అన్నాడు. "కిటికీ ఎండ వైపు ఉండొద్దూ?" అన్నాడు.

మాగ్నస్ తల ఎత్తకుండా కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ రాసుంది" అన్నాడు.

పదకొండు ఇళ్ళూ ఒకే వరసలో, ఒకే వైపుకి లేచాయి. చూడటానికి ముచ్చటగా ఉండేది. అది నడి ఎండాకాలం. సూర్యుడు నడినెత్తిన ఉండేవాడు. ఏ గోడకు ఎండో, ఏ గోడకు నీడో పోల్చుకునే ఓపిక ఎవరికీ లేదు.

చలికాలం వచ్చాక తెలిసింది. సూర్యుడు ఉత్తరం వైపుకి జారాడు. జారి అక్కడే ఉండిపోయాడు. వాళ్ళు వదిలి వచ్చిన దేశంలో సూర్యుడు దక్షిణం నుంచి పోతాడు. కాగితం రాసినవాడు తన దేశం సూర్యుణ్ణి తలుచుకుని రాశాడు. భూమికి ఈ కొసన ఆయన రెండో వైపు నుంచి పోతాడని వాడికి తట్టలేదు. కాగితం చదివినవాడికి కళ్ళ ముందే ఉన్నా తట్టలేదు.

మాగ్నస్‌కి అది ఒక పొద్దున కట్టెలు కొడుతుంటే తట్టింది. గొడ్డలి దించి, వెనక గోడ మీద పడ్డ తన నీడ చూసుకుని, అలాగే ఉండిపోయాడు.

అప్పుడే చెప్పి ఉంటే పోయేది. రేపు చెబుదాం అనుకున్నాడు. వారం పోయింది. ఈలోగా జనం ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పుకున్నారు. ఇనుము చల్లన అన్నారు. సముద్రపు తేమ అన్నారు. ఈ దేశంలో ఇళ్ళింతే అన్నారు. చలికాలం లోపలి రేకుకి పట్టిన చెమట బొట్లు బొట్లుగా మొహం మీద పడేది. ఎండాకాలం కొవ్వొత్తులు నడుం వంచి కిందికి చూసేవి. జాబెజ్ వచ్చిన చుట్టాలకు వాటిని చూపించి, మా ఇంట్లో కొవ్వొత్తులకు కూడా మర్యాద తెలుసు, వంగి దండం పెడతాయి అనేవాడు. అందరూ నవ్వేవారు. నవ్వులో పడి అడగాల్సిన మాట ఎవరూ అడగలేదు. చెప్పాల్సినవాడు చెప్పలేదు. తొమ్మిదేళ్ళయింది.

జాబెజ్ ఇప్పటికీ అతన్ని పంతులూ అనే పిలుస్తాడు. సందులో ఉత్తరం వస్తే మాగ్నస్ దగ్గరికే తెస్తారు. అతను వేలు పెట్టి చదువుతాడు.

*

థోరాకి ఎండ తగలాలని తామ్సిన్ రోజూ పోరింది. ఒక మధ్యాహ్నం మాగ్నస్, జాబెజ్ కలిసి కుర్చీతో సహా ఆమెను పెరట్లోకి మోశారు. కొండ కింద నుంచి గాలి లేచి ఇసక తెచ్చింది. మూడు రోజులు దగ్గింది. ఇక నన్ను కదిలించొద్దు అంది. ఆ అనటంలో కోపం కూడా లేదు. అది చూసి మాగ్నస్‌కి భయం పట్టుకుంది.

మాట్లాడటం కూడా తగ్గించేసింది. తామ్సిన్ బార్లీ జావ తెస్తే రెండు చెంచాలు తాగి చాలనేది. మాగ్నస్ దీవుల సంగతులు ఎత్తితే వినేది. అడిగేది కాదు. రోజులో ఆమె మొహంలో కదలిక కనిపించేది ఒక్కసారే. పొద్దున రేకు టక్కుమన్నప్పుడు.

ఆ పొద్దున కూడా అంది, "వచ్చాడు" అని. కాసేపాగి, "వెళ్ళిపోతాడు" అంది.

మాగ్నస్ లేచి వెళ్ళి సున్నపు ముక్క తెచ్చాడు. పెరట్లోకి పోయి వెనక గోడ మీద రెండడుగుల చదరం గీశాడు. ఇక్కడ ఒక కిటికీ కోసేస్తే చాలు. రేకు కొయ్యటం అతనికి చెయ్యి తిరిగిన పని. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కాగితం పెట్టె అడుగునే ఉంటుంది.

గోడకి లోపలి వైపు గుడ్డ పరిచి, దాని మీద పాత పత్రికలు అతికించి ఉన్నాయి. ముందు అది ఊడదీయాలి. థోరా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ మేకులు ఒక్కొక్కటే పీకాడు. గుడ్డ వెనక రేకు బయటపడింది. దాని మీద తెల్లరంగుతో వేసిన అక్షరం. తొమ్మిదేళ్ళయినా కొత్తగా ఉంది. ఇల్లు నిలబెట్టిన నాడు ఆ అక్షరం వెతికి పట్టుకుని తాను ఎంత మురిసిపోయాడో గుర్తొచ్చింది.

ఈలోగా తామ్సిన్ జావ గిన్నెతో వచ్చింది. వెనకే జాబెజ్ వచ్చి, తలుపుకి చేరబడి, గోడనీ, ఉలినీ చూశాడు. సంగతి గ్రహించాడు. తామ్సిన్‌కి అయితే మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ తోచలేదు, మాగ్నస్ అన్నకి తోచింది అంది. అక్కడ కట్టి పంపినవాళ్ళు మరిచిపోయిన కిటికీ మన అన్న పెడుతున్నాడు అంది. మా ఇంటికీ ఒకటి కొయ్యి అంది. జాబెజ్ కూడా, వెటకారం లేకుండా, పంతులూ, నీ బుర్రే బుర్ర అన్నాడు.

మాగ్నస్ ఉలి రేకు మీద పెట్టాడు. సుత్తి ఎత్తాడు.

అప్పుడు థోరా అంది, "వాళ్ళెందుకు మరిచిపోయారంటావు?"

నిజంగానే అడిగింది. ఎన్నో వారాల తర్వాత ఆమె ఒక సంగతి అడిగింది. తల తిప్పి, జవాబు కోసం మొగుడి మొహం చూస్తోంది.

మాగ్నస్ సుత్తి దించాడు. లేచాడు. పెట్టె తెరిచి, అడుగు నుంచి మైనపు గుడ్డ తీసి, కాగితం విప్పాడు. మడతల దగ్గర చిరిగి ఉంది. మంచం కాళ్ళ దగ్గర నిలబడి, వేలు పెట్టి, ఆ వాక్యం చదివాడు. చదివి ఆగాడు. ముగ్గురూ ఇంకా ఏదో ఉందనుకుని చూస్తున్నారు.

"వాళ్ళు మరిచిపోలేదు. కిటికీలు ఎండ వైపే పెట్టారు. అక్కడ ఎండ దక్షిణాన ఉంటుంది. ఇక్కడ ఉత్తరాన ఉంటుంది. కాగితంలో ఉన్నట్టు నేను నిలబెట్టాను. అన్నిటినీ తిరగేసి నిలబెట్టాను. పదకొండునీ."

వెనక గోడ మీద రేకు ఒకసారి టక్కుమంది.

"నాకు మొదటి చలికాలమే తెలుసు" అన్నాడు మాగ్నస్. తర్వాత జాబెజ్ వైపు తిరిగాడు. "నువ్వు ఆ రోజే అన్నావు. కిటికీ ఎండ వైపు ఉండొద్దూ అని. నేను కాగితం చూపించాను."

జాబెజ్ గడ్డం గోక్కున్నాడు. "నేనా?" అన్నాడు. "ఎప్పుడన్నాను?"

అతనికి గుర్తు లేదు. తొమ్మిదేళ్ళు మాగ్నస్ గుండెల మీద మోసిన మాట, అన్నవాడు ఆ సాయంత్రానికే మరిచిపోయాడు. జాబెజ్‌కి నవ్వొచ్చింది. ముందు మెల్లగా, తర్వాత పొట్ట పట్టుకుని. "అయితే నేనే చదువుకున్నవాణ్ణన్నమాట" అన్నాడు.

తామ్సిన్ నవ్వలేదు. ఆమె కార్న్‌వాల్ నుంచి ఓడలో జెరేనియం కొమ్మలు తెచ్చుకుంది. ఎండిపోకుండా బంగాళాదుంపలో గుచ్చి తెచ్చుకుంది. కిటికీలో కుండీ పెట్టి నాటింది. చచ్చిపోయాయి. మళ్ళీ ఎవరినో అడిగి తెచ్చింది. అవీ పోయాయి. ఏటా తెచ్చింది, ఏటా పోయాయి.

"నా చేతిలో ఏ మొక్కా బతకదనుకున్నా" అంది. "పోయినేడు మా అక్క కూతురు పూల మొక్క నాటమంటే, నేను ముట్టుకోనమ్మా, నా చెయ్యి మంచిది కాదు అని చెప్పా. నువ్వక్కడే ఉన్నావన్నా. విన్నావు."

మాగ్నస్ అక్కడే ఉన్నాడు. విన్నాడు.

తామ్సిన్ గిన్నె అక్కడే పెట్టేసి వెళ్ళిపోయింది. జాబెజ్ ఆమె వెనకే పోయాడు.

మాగ్నస్ కాగితం చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. థోరా అతన్ని చూడటం లేదు. గోడ మీద తెల్ల అక్షరాన్ని చూస్తోంది. ఆలోచిస్తోంది. అలా చూస్తూనే అంది, "అయితే ఆయనకి నా మీద కోపం లేదు."

"లేదు."

"ఆయన తప్పేం లేదు."

"లేదు. నాదే."

"నీదే" అంది థోరా. చెయ్యి చాపి, "ఆ జావ ఇటియ్యి, చల్లారిపోతుంది" అంది. సగం గిన్నె తాగింది.

*

మర్నాటి నుంచి తామ్సిన్ రావటం మానేసింది. మాగ్నస్ కట్టెలు కొట్టి, జావ తనే కాచాడు. మాడింది. థోరా తాగి, దీవుల్లో మా మేనత్త ఇలాగే కాచేది, అందుకే మామయ్య సముద్రం మీదే ఉండేవాడు అంది. మాగ్నస్ ఆమె వైపు చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

సందంతా తెలిసిపోయింది. కొంతమంది అతన్ని చూసి మాట కలపకుండా పోయారు. ఒకాయన ఎదురొచ్చి, తొమ్మిదేళ్ళ కట్టెలు నువ్విస్తావా అన్నాడు. ఒక ముసలామె మాత్రం, ఇనుము శాపం కాదన్నమాట, పోనీలే నాయనా అని భుజం తట్టి పోయింది.

మూడో రోజు పొద్దున జాబెజ్ వచ్చి కంచె మీద కూర్చున్నాడు. సున్నపు గీతల చదరం ఇంకా వెనక గోడ మీదే ఉంది. దాన్ని చూస్తూ, ఇది కోస్తే మీ ఆవిడకి దక్కేది రెండడుగుల ఎండ అన్నాడు. మాగ్నస్ అవునన్నాడు.

"నిజం ఎలాగూ చెప్పేశావు కదా పంతులూ. ఇక దాచేదేముంది. ఇల్లే తిప్పేద్దాం."

విప్పితే బోల్టులన్నీ తుప్పు పట్టాయి, మళ్ళీ బిగించటానికి నెల పడుతుంది అన్నాడు మాగ్నస్. జాబెజ్ విప్పమనలేదు. గనుల్లో నీళ్ళు తోడే ఇంజన్లను ఇంతకంటే బరువైనవాటిని తాము కదిపామని చెప్పాడు. ఇంటి నడుమ కింద ఒక మొద్దు, దాని మీద ఇనప పళ్ళెం. చుట్టూ కొవ్వు పూసిన దుంగలు. ఒక మూలకి ఎడ్లు. తిరగలి రాయిలా తిరుగుతుంది. మాగ్నస్ గోడ వైపు చూశాడు. మరి థోరా, అన్నాడు. లోపలే ఉంటుంది, అన్నాడు జాబెజ్.

తయారవటానికి నాలుగు రోజులు పట్టింది. రేవులో పడవలు ఎత్తే జాకీలు రెండు తెచ్చారు. పొయ్యి గొట్టం విప్పారు. కంచె పీకారు. హీలీ అనే ఐరిష్ మనిషి తన ఎడ్ల జోడు తెస్తానన్నాడు. నాలుగో రోజు సాయంత్రం తామ్సిన్ వచ్చింది. చేతిలో బక్కెట్టు, బక్కెట్టు నిండా పశువు కొవ్వు. మాగ్నస్ ముందు దించి, "దుంగలకి" అంది. లోపలికి పోయి థోరా జడ వేసి, దుప్పటి దులిపి కప్పింది. పోతూ పోతూ వెనక గోడకి మళ్ళీ గుడ్డ పరిచి మేకులు కొట్టమంది మాగ్నస్‌ని. మంచిదన్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక జనం వచ్చారు. అంతమంది వస్తారని మాగ్నస్ అనుకోలేదు. కట్టెలు అడిగినాయన కూడా గునపం భుజాన వేసుకుని వచ్చాడు. మాగ్నస్ తన గునపం తీసుకుని మూల దగ్గర నిలబడ్డాడు. జాబెజ్ వచ్చి దాన్ని చేతిలోంచి లాక్కున్నాడు.

"నువ్వు లోపలికి పో. ఇవాళ కాగితం లేదు. నేను చెప్పినట్టు జరుగుతుంది" అన్నాడు.

మాగ్నస్ లోపలికి వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఓడలో కూడా ఇలాగే కూర్చున్నాడు. అప్పుడు నూట పది రోజులు. థోరా చెయ్యి దుప్పటి బయట పెట్టింది. అతను పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా, ఇనుములా ఉంది.

బయట హీలీ ఎడ్లని అదిలించాడు. గొలుసు బిగిసింది. ఇల్లు ఒకసారి మూలిగింది, నిద్రలో పక్కకి తిరిగే మనిషిలా. అటక మీద గిన్నె ఒకటి దొర్లింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. కదులుతోందో లేదో కూడా తెలియలేదు. కిటికీలో ఎప్పుడూ ఉండే సముద్రం ఉంది, ఓడల కొయ్యలున్నాయి. చూస్తుండగా అవి పక్కకి జరిగాయి.

"బయల్దేరాం" అంది థోరా.

ఓడలు ఒక్కొక్కటే చట్రం అంచుకి పోయి మాయమయ్యాయి. బురద నేలల వైపు రెల్లు వచ్చింది. రెల్లు పోయింది. జాబెజ్ ఇంటి పక్క గోడ వచ్చింది, తుప్పు మరకలతో, మరీ దగ్గరగా. పలకరించటానికి ఎవరో మొహం కిటికీలో పెట్టినట్టుంది. దాని పక్కన తామ్సిన్ నిలబడి ఉంది. చెయ్యెత్తింది. థోరా కూడా చెయ్యెత్తింది. ఆ గోడా, తామ్సినూ మెల్లగా తేలుతూ పోయాయి. లోకమంతా వాళ్ళిద్దరి చుట్టూ తిరుగుతోంది, వాళ్ళ మంచం మాత్రం కదలటం లేదు అన్నట్టుంది మాగ్నస్‌కి. పిల్లలెవరో లెక్క పాట పాడుతున్నారు. ఎడ్ల మెడగంటలు ఒకసారి దగ్గర్నుంచి, ఒకసారి దూరం నుంచి వినిపిస్తున్నాయి.

ముందు ఒక గీత. కత్తి అంచంత సన్నం. తలుపు పక్క గోడ మీద పడింది. పాత పత్రికల మీద అక్షరాలు, తొమ్మిదేళ్ళుగా నీడలో ఉన్నవి, ఒక్కసారి పైకి తేలాయి. గీత వెడల్పయింది. నేల మీదికి దిగింది. చెక్కల మధ్య ఇసక మెరిసింది. మంచం కోడు ఎక్కింది. మాగ్నస్ ఊపిరి పట్టి చూస్తున్నాడు. దుప్పటి కొసన నీలం రంగు ఉందని అతనికి అప్పుడే తెలిసింది. ఎప్పుడూ నలుపనుకున్నాడు. వెలుగు ఆమె మోకాళ్ళ దాకా వచ్చింది. నడుం దాకా వచ్చింది. వాళ్ళిద్దరి చేతుల మీదికి వచ్చింది. వెచ్చగా ఉంది. అతనికి తన చేతి మీది మచ్చలు కనిపించాయి, ఆమె గోళ్ళు కనిపించాయి.

తర్వాత ఆమె మొహం మీదికి వచ్చింది. థోరా కళ్ళు మూసుకోలేదు. దీవుల్లో ముసలివాళ్ళు టోపీ తీసేవాళ్ళు. మాగ్నస్‌కి నెత్తిన టోపీ ఉందని గుర్తొచ్చి, తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆపమను" అంది థోరా.

మాగ్నస్ గొంతెత్తి ఆపమన్నాడు. గొలుసు సడలింది. బయట నుంచి జాబెజ్ అరిచాడు, ఇంకా రెండు మూరలుంది, అప్పుడే సరిగ్గా ఉత్తరానికి వస్తుంది అని. దిక్సూచి తెప్పించనా పంతులూ అని కూడా అడిగాడు. నలుగురు నవ్వారు.

మాగ్నస్ థోరా వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇక్కడే" అన్నాడు మాగ్నస్. "ఇక్కడే దించండి."

దించారు. ఆ సందులో తర్వాత ఇంకో ఆరిళ్ళు తిరిగాయి. అన్నీ తాడు పట్టినట్టు సరిగ్గా ఉత్తరానికి నిలబడ్డాయి. తామ్సిన్ కిటికీలో జెరేనియం రెండు వసంతాల తర్వాత కొమ్మలేసింది. ఫ్లెట్ వాళ్ళ ఇల్లు మాత్రం వరసలో కాస్త వంకరగా, పడమటికి ఒరిగి చూస్తున్నట్టు ఉండిపోయింది. కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే, అది పంతులు కట్టిందిలే అనేవాడు జాబెజ్.

ఆ ఆదివారం అందరూ వెళ్ళిపోయాక థోరా నిద్రపోయింది. మర్నాడు పొద్దున రేకు టక్కుమన్నది మంచం వెనక కాదు, కిటికీ పక్కన. ఆమె ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు, ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం దాటాక మాగ్నస్ నీళ్ళకి పోయాడు. రెండు బక్కెట్లు నింపుకుని, దారిలో ఒకసారి దించి, మళ్ళీ ఎత్తుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు. థోరా మంచం మీదే ఉంది. మొహం మీద ఎండ ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. తను వెళ్ళేటప్పటికి ఎండ మంచం దిగి పక్కకి జరిగిపోతూ ఉంది కదా అనుకున్నాడు.

బక్కెట్లు కింద పెట్టాడు. నేల చెక్కల మీద మంచం నాలుగు కాళ్ళూ గీసిన గీతలు కొత్తగా ఉన్నాయి. మంచం మూరెడు జరిగింది, ఎండ వెంట.

స్టూలు కూడా ఎండలోకి జరిపి ఉంది. అతను వెళ్ళి కూర్చున్నాడు.